నల్లబీరుకు కొత్త నాలుక

కడుపులో పుండు పడిందని, ఆరు నెలల దాకా చుక్క ముట్టకూడదని డాక్టరు చెప్పినప్పుడు, బీరు కాచే ఆయన పెద్దగా బాధపడలేదు. ఆయన తాగేదే తక్కువ. కానీ వారానికోసారి పొద్దున పదకొండింటికి పీపాలోంచి రెండు గుక్కలు పట్టి రుచి చూసే పని ఇక ఎవరు చేస్తారన్నదే దిగులు. పదకొండేళ్లుగా వాళ్ళు కాచే స్టౌట్ అనే నల్లబీరు మంచిచెడ్డలు తేల్చింది ఆయన నోరే.

కార్ఖానా ఆయన అక్క మొగుడిది. బావకు ఏది పోసినా బాగానే ఉంటుంది కనక ఆ నోటిని నమ్మడానికి లేదు. ఆలోచించి ఆలోచించి చివరికి భార్యను వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆమె కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. వెంట్రుకవాసి తేడా అయినా పట్టేస్తుంది. బీరు మాత్రం పుట్టి బుద్ధెరిగాక ముట్టలేదు.

ముందు వాసన చూడమన్నాడు. గుక్కను నాలుక మీద కాసేపు నిలపమన్నాడు. కారునలుపు బీరు, పైన లేత గోధుమరంగు నురగ. ఆమె తాగి, గ్లాసును కిటికీ వెలుగుకు ఎత్తి చూసింది. ఆయన ఉండబట్టలేక చాక్లెట్ తగులుతోందా అని అడిగాడు. సీసా మీద అలా రాయించింది ఆయనే.

"మొదట మీగడలా జారింది," అంది ఆమె. "తర్వాత కాఫీ. చివర్లో మాత్రం మాడిన గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టినట్టుందండీ."

ఆయన మొహం చిన్నబోయింది. ఇంకో గ్లాసు పట్టి ఇచ్చాడు. ఆమె అదే మాట చెప్పి, గ్లాసు కడిగి బోర్లించి, దుకాణానికి వేళవుతోందని వెళ్ళిపోయింది.

మూడు రోజులు ఆయన ఇంట్లో ఆ ఊసెత్తలేదు. నాలుగో రోజు, బీరుకు ఆ నలుపు తెచ్చే వేయించిన బార్లీ గింజ ఒకటి తీసి గోటితో చీల్చాడు. లోపల బొగ్గు. ఇంకో పది గింజలు చీల్చాడు, అన్నీ అంతే. పని నేర్పిన పెద్దాయన ఎంతసేపు తిప్పమంటే అంతసేపే గింజలు వేయించే డ్రమ్ము తిప్పుతూ వచ్చాడు తప్ప, గింజ లోపల ఏముందో ఎన్నడూ చూసుకోలేదు. ఆ పూట రెండు నిమిషాలు ముందే మంట ఆర్పేశాడు.

ఐదు వారాలకు కొత్త బీరు దిగింది. ఆమె రుచి చూసి, ఇప్పుడు నోట్లో చేదు మిగలడం లేదని చెప్పింది. ఆయన గ్లాసు వాసన మాత్రం చూసి, ఆమె మాట మీద సరుకు పంపించేశాడు.

పది రోజులు తిరక్కుండానే బావ వచ్చాడు. పాత గిరాకీలు గోల చేస్తున్నారని, మాంసం కొట్టు ఆయనైతే సగం గ్లాసు బల్ల మీదే వదిలేసి లేచిపోయాడని చెప్పాడు.

"వాళ్ళకి ఆ మాడే కావాలటోయ్," అన్నాడు బావ. "అదే లేకపోతే ఇది తాగడం ఎందుకంటున్నారు."

అది విని ఆయనకు లోలోపల కాస్త సంతోషం వేసింది. వెంటనే సిగ్గు కూడా వేసింది. ఇంటికెళ్ళి భార్యకు చెబితే ఆమె నొచ్చుకోలేదు. చేదు ఇష్టపడేవాళ్ళు ఉంటారని, వాళ్ళకు ఆ పాతదే పొయ్యమని అంది.

"కానీ మాడినదాన్ని మాడిందని తెలిసే కాయండి," అంది. "తెలియక కాయడం వేరు."

పెద్ద తొట్టిలో పాతదే కాచారు. మూలనున్న చిన్న తొట్టి కొత్తదానికి ఇచ్చారు. మొదట దాన్ని అడిగినవాళ్ళు తక్కువే. మెల్లగా ఆడవాళ్ళు కొందరు, మాంసం కొట్టు ఆయన తమ్ముడు అడగసాగారు.

ఆరు నెలలకు పుండు మానింది. డాక్టరు సరేనన్నాడు. ఆయన రెండు రకాలూ తాగి చూశాడు. తేడా తెలిసింది గాని, ఆమెకు తెలిసినంత స్పష్టంగా తెలియలేదు. ఆ సంగతి బావతో దాచకుండా చెప్పి, ఇకమీదట రుచి పని ఆమెకే ఇచ్చి, జీతం కూడా ఇవ్వమన్నాడు. బావ ఒప్పుకున్నాడు. ఆమె దుకాణంవాళ్ళతో మాట్లాడుకుని, రుచి చూసే పనికి మంగళవారాలు పొద్దుటిపూట సెలవు తీసుకుంది.