ఒక నిమిషం ముందైతే రెండు తప్పులు

పధ్నాలుగో నంబరు బస్సు అత్తాకోడళ్ళది. కోడలు స్టీరింగు తిప్పుతుంది, అత్తగారు టికెట్లు కొడుతుంది. అత్తలేని కోడలు ఉత్తమురాలు, కోడల్లేని అత్త గుణవంతురాలు అన్న సామెత పుట్టించిన మహానుభావుడు ఈ బస్సెక్కి ఉంటే, రెండు స్టాపులు దాటకముందే సామెతను వెనక్కి తీసుకునేవాడు. అలాగని వాళ్ళు పోట్లాడుకోరని కాదు. రోజూ పోట్లాడుకుంటారు, కాకపోతే ఒకే విషయం మీద. సందు చివర ఎవరైనా చెయ్యెత్తితే చాలు, అత్తగారు బస్సు ఆపమంటుంది. కోడలు ఆపనంటుంది. చివరికి ఆగుతుంది. అత్తగారి నోట "రైట్ రైట్" వినబడందే బస్సు కదలకూడదన్నది ఆ ఇంటి శాసనం మరి.

ఆ శాసనం మామగారి కాలంనాటిది. అప్పట్లో బస్సూ వాళ్ళదే, రూటూ వాళ్ళదే, టికెట్ల మీద వచ్చిందీ వాళ్ళదే. పరిగెత్తుకొచ్చే ప్రతి మనిషీ ఇంట్లో పొయ్యి వెలిగించేవాడే కాబట్టి ఆగడంలో అర్థముంది. తర్వాత ప్రభుత్వం కొత్త పద్ధతి పెట్టింది. బస్సు మీది, డ్రైవరు మీరు, డీజిలు మీది. రూటు మాది, టైము మాది, టికెట్ల డబ్బులు మావి. మీ బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగితే అన్నిటికీ లెక్కకట్టి మీకిస్తాం, అంది. కాగితం చదివించుకున్న అత్తగారు, "పిల్ల మీది, పేరు పెట్టేది మేము అన్నట్టుంది," అని సంతకం పెట్టింది. ఇక జనం ఎక్కినా ఎక్కకపోయినా వాళ్ళకు వచ్చేది ఒకటే. అయినా ఆమె ఆపడం మానలేదు. ఎందుకని అడిగితే, "పరిగెడుతున్నారు కదే," అంటుంది. అంతకుమించి ఆమె దగ్గర కారణం లేదు.

ఈ ఏడాదితో కాంట్రాక్టు అయిపోతోంది. నలభై బస్సులున్న పెద్ద కంపెనీ ఒకటి ఈ రూటుకి టెండరు వేసింది. పాతవాళ్ళను ఊరికే పొమ్మనడం బాగుండదని ఆఫీసువాళ్ళు ఒక పరీక్ష పెట్టారు. గురువారం తొమ్మిదిన్నర ట్రిప్పులో ఇన్‌స్పెక్టరు కూర్చుంటాడు, ప్రతి స్టాపులోనూ బస్సు కదిలిన టైము రాసుకుంటాడు. ఒక నిమిషం ఆలస్యమైతే ఒక తప్పు. ఒక నిమిషం ముందైతే రెండు తప్పులు. మూడు తప్పులదాకా మన్నిస్తారు. నాలుగోది పడిందా, రూటు కంపెనీకి పోతుంది.

"ముందెళ్తే రెండేమిటే విడ్డూరం?" అంది అత్తగారు. "తొందరగా పోతే మెచ్చుకోవాలి గాని."

"ఆలస్యమైతే స్టాపులో ఉన్నవాళ్ళు తిట్టుకుంటూనైనా ఎక్కుతారు అత్తయ్యా. ముందే వెళ్ళిపోయామనుకోండి, టైముకి వచ్చినవాళ్ళు ఏ పాపం చెయ్యకుండా అక్కడే మిగిలిపోతారు."

అత్తగారు తలూపింది గాని, ఆమె మనసు ఆలస్యం దగ్గరే ఆగిపోయింది. ఆ బస్సు పుట్టి బుద్ధెరిగాక ఒక్కనాడూ ముందు వెళ్ళిన పాపాన పోలేదు.

కోడలి భయం వేరు. కాపురానికి వచ్చేనాటికి ఆమెకు సైకిలు కూడా రాదు. మొగుడు మంచి మెకానిక్కే, కానీ రోడ్డెక్కితే చెమటలు పోస్తాయి. అత్తగారే ఆమెను ఖాళీ మైదానానికి తీసుకెళ్ళి, పక్కన నిలబడి, క్లచ్చు వదిలినప్పుడల్లా నెత్తిన మొట్టి మరీ బస్సు నేర్పింది. రూటు పోతే కంపెనీవాళ్ళు తనను డ్రైవరుగా తీసుకోవచ్చు. అత్తగారిని తీసుకోరు. వాళ్ళ బస్సుల్లో టికెట్టిచ్చేది మిషను. వెనకనుంచి ఆ గొంతు వినబడకుండా బస్సు నడపడం తనవల్ల కాదని కోడలికి తెలుసు. ఆ మాట అత్తగారితో అనడానికి మాత్రం సిగ్గు.

వారం రోజులు అత్తగారు బస్సెక్కిన ప్రతివాళ్ళ చెవిలోనూ ఇల్లు కట్టుకుని పోరింది. "గురువారం ఎవరైనా ఆలస్యం చేశారో, మళ్ళీ జన్మలో మీ కోసం ఆపను." నియమంలో సగమే చెప్పానన్న ధ్యాసే ఆమెకు లేదు.

గురువారం వచ్చింది. ఇన్‌స్పెక్టరూ వచ్చాడు. ఇస్త్రీ మడత చెక్కుచెదరని తెల్ల ప్యాంటు, మెడలో తాడుకు వేలాడే అట్ట, అట్టకు కాగితం. నవ్వితే ఎవరైనా పన్ను వేస్తారేమో అన్నట్టుండే ముఖం. తలుపు ఎదురు సీట్లో కూర్చున్నాడు.

రెండో స్టాపు కనబడగానే కోడలు కళ్ళు నులుముకుంది. జనం వరసలో నిలబడ్డారు! చిల్లర గుప్పిట్లో, పిల్లలు చంకలో, సంచులు భుజాన. తలుపు తెరవగానే బిలబిలమంటూ పది సెకన్లలో ఎక్కేశారు. మూడో స్టాపులోనూ అంతే. రోజూ సగం తొడుక్కున్న చొక్కాతో పరిగెత్తుకొచ్చే టైలరు, తల దువ్వుకుని, బొత్తాలన్నీ పెట్టుకుని అందరికంటే ముందున్నాడు. అత్తగారి ఆనందానికి హద్దుల్లేవు.

"రైట్ రైట్!"

బస్సు కదిలింది. కదిలాక కోడలు గడియారం చూసింది. తొమ్మిదీ నలభై ఒకటి. టైముల పట్టికలో నలభై రెండు. వెనక కలం బరబరా గీసిన చప్పుడు వినబడింది.

"రెండు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఏం రెండు? ఎవరూ ఆలస్యం కాలేదే!" అని ముందుకు ఉరికింది అత్తగారు.

"ముందొచ్చేశాం అత్తయ్యా! మీ జనం కొంప ముంచారు."

అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మరుక్షణం బస్సంతా తిరుగుతూ ఒక్కొక్కరి చెవిలో గుసగుసలాడింది. ఆ గుసగుస ఇంజను మోతను మించి వినబడింది. "మెల్లిగా ఎక్కండి, మెల్లిగా దిగండి, నిదానమే ప్రధానం, మీకు దణ్ణం పెడతా." ఎక్కబోయేవాళ్ళకు చెప్పే పని ఎక్కినవాళ్ళు తీసుకున్నారు. కిటికీల్లోంచి తలలు బయటికి పెట్టి రాబోయే స్టాపులకు చేతులు ఊపారు. కోడలు బస్సును ఎంత నెమ్మదిగా నడిపిందంటే, సైకిలు మీద పోతున్న పెద్దాయన ఒకడు పక్కకొచ్చి, "పాడైందా అమ్మా?" అని జాలిపడి దాటిపోయాడు.

నాలుగో స్టాపులో రిటైరైన మాస్టారు మెట్టు మీద ఒక కాలు పెట్టి, ఒక కాలు నేలమీదే ఉంచి అడిగాడు.

"ఈ బస్సు ఆసుపత్రి మీదుగా వెళ్తుందా?"

"ఇరవై ఏళ్ళుగా వెళ్తోంది మాస్టారూ."

"ఇవాళ కూడానా?"

"ఇవాళ కూడా."

"వచ్చేటప్పుడు?"

"వచ్చేటప్పుడు కూడా."

"అయితే ఎక్కొచ్చంటావు," అని ఆయన రెండో కాలు పైకి తీశాడు. బస్సు సరిగ్గా టైముకి కదిలింది. జనం చప్పట్లు కొట్టబోయి ఇన్‌స్పెక్టరును చూసి చేతులు తుడుచుకున్నారు.

అయిదో స్టాపులో టైలరు, దిగేవాళ్ళకు దారివ్వడానికని కిందకు దిగి, మళ్ళీ ఎక్కుతూ, పోయిన టికెట్టు కోసం జేబులు వెతికాడు. తన చొక్కా తనే కుట్టుకున్నాడు, జేబులు ఎనిమిది. "ఇన్ని జేబులెందుకయ్యా?" అని అత్తగారు పైకి కసురుకుంది. "ఇవాళ పనికొచ్చాయా లేదా?" అన్నాడు అతను. ఆరో స్టాపూ గట్టెక్కింది. ఇన్‌స్పెక్టరు ఒకసారి గడియారాన్నీ, ఒకసారి ఈ మనుషుల్నీ చూశాడు. అతని మీసం కొంచెం వణికింది, కోపమో మరొకటో కోడలికి అద్దంలో తెలియలేదు.

ఏడో స్టాపులో గుడ్లామె ఉంది. రోజూ ఆరు ట్రేలు ఒకదానిమీద ఒకటి పేర్చి, ఒక్క ఊపులో లోపలికి చేరవేస్తుంది. ఆ రోజు ఒక్కొక్క ట్రే పసిబిడ్డను అందించినట్టు అందించడం మొదలుపెట్టింది. ఒకటి. రెండు. బస్సంతా ఊపిరి బిగబట్టింది. మూడు. నాలుగు. అయిదో ట్రే అందుకోబోయి మాస్టారు, "నిదానంగా, నిదానంగా," అంటూ ఎంత నిదానించాడంటే అది గాలిలోనే ఒరిగిపోయింది. నాలుగు గుడ్లు జారి ఇన్‌స్పెక్టరు తెల్ల ప్యాంటు మీద పడి చితికాయి.

అందరూ ఒక్కసారి లేచారు. ఒకరు రుమాలిచ్చారు, ఒకరు నీళ్ళు పోశారు, గుడ్లామె ఏడుపు లంకించుకుంది, అత్తగారు ఆమెను ఓదార్చడంలో మునిగి "రైట్ రైట్" అనడం మరిచిపోయింది. కోడలు హారను కొట్టి గుర్తుచేసేసరికి నిమిషం దాటిపోయింది.

"మూడు," అన్నాడు ఇన్‌స్పెక్టరు, ప్యాంటు పైకెత్తి పట్టుకుని.

చావు తప్పి కన్ను లొట్టపోయింది. ఎనిమిదీ తొమ్మిదీ స్టాపుల్లో ఎవరూ సాయం చెయ్యడానికి సాహసించలేదు. తుమ్ము వచ్చినవాళ్ళు కూడా మింగేశారు. రెండుచోట్లా బస్సు టైముకే కదిలింది.

పదోది ఆసుపత్రి గేటు. అక్కడ అయిదు నిమిషాలు ఆగాలి. పది ఇరవై రెండుకి బయల్దేరాలి. అప్పటికి ఇన్‌స్పెక్టరు ప్యాంటు అట్టలా బిగుసుకుంది, వాసన ఆయనకే పడడం లేదు. "ఇప్పుడే కడుక్కుని వస్తానమ్మా," అని దిగి, గేటు వెనక కుళాయి వైపు నడిచాడు.

కుళాయి దగ్గర బిందెలవాళ్ళున్నారు.

పది పంతొమ్మిది. పది ఇరవై. అత్తగారు మెట్టు మీద నిలబడి మెడ సాచింది. పది ఇరవై ఒకటికి ఆయన గేటులో కనబడ్డాడు. మోకాళ్ళదాకా తడిసి, ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని కుంటుకుంటూ వస్తున్నాడు. బస్సుకీ ఆయనకీ మధ్య ఆసుపత్రి ముందరి రిక్షాలన్నీ ఉన్నాయి.

"వస్తున్నాడే, వస్తున్నాడు! ఒక్క నిమిషం!"

"ఆ ఒక్క నిమిషమే నాలుగో తప్పు అత్తయ్యా."

బస్సులో గోల మొదలైంది. పరీక్ష పెట్టేవాడినే వదిలేసి పోతారా అని సగంమంది. టైమంటే టైమే అని సగంమంది. "అసలు రాసేవాడే లేకపోతే తప్పు రాసేదెవరు?" అని మాస్టారు. కోడలికి భయంతోపాటు నవ్వూ తన్నుకొస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి, మధ్యలో ఒంటి బూటు ఇన్‌స్పెక్టరు! గేరు వేసి ఉంచింది. కాలు కదల్చలేదు.

"మీరు రైట్ అంటేనే కదులుతాను," అంది.

"పరిగెడుతున్నాడు కదే..."

"అత్తయ్యా," అంది కోడలు, తల తిప్పకుండా. "ఆ కంపెనీ బస్సుల్లో కండక్టరు ఉండరు. మీరు లేకుండా నేను నడపలేను."

అత్తగారు ఒక్క క్షణం అద్దంలోకి చూసింది. స్టీరింగు మీద తను మొట్టి నేర్పిన ఆ పిల్ల చేతులు. తర్వాత కళ్ళు గట్టిగా మూసుకుంది. బతుకంతా ఎవరినీ వదిలెయ్యని ఆ గొంతు చీరుకుపోతూ పలికింది.

"రైట్... రైట్!"

పది ఇరవై రెండు. బస్సు కదిలింది. వెనక అద్దానికి ముఖాలు అతుక్కున్నాయి. "పరిగెడుతున్నాడు... ఆగాడు... గడియారం చూసుకుంటున్నాడు... పాలవ్యాను ఆపాడు... ఎక్కాడు! ఎక్కాడు!" అంటూ టైలరు క్షణక్షణం వార్తలు చదివాడు. పదకొండో స్టాపులో బస్సు టైము కోసం ఆగి ఉండగా, పాలవ్యాను రోడ్డుకవతల సిగ్నలు దగ్గర చిక్కుకుంది. ఆయన వ్యాను దిగి రోడ్డు సగం దాటేసరికి పది ముప్పై ఒకటి అయింది. ఈసారి అత్తగారు కళ్ళు మూసుకోలేదు. "రైట్ రైట్," అని కూతపెట్టింది. స్టాపులో దిగినవాళ్ళు చేతి గడియారాలు ఆయన ముఖం ముందు పెట్టి, "సరిగ్గా టైముకే వెళ్ళింది సార్," అని ఒకరి తర్వాత ఒకరు సాక్ష్యం చెప్పడం వెనక అద్దంలోంచి అందరూ చూశారు. కోడలు నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియలేదు. రోడ్డు మసకబారితే మోచేత్తో కళ్ళు తుడుచుకుంది.

ఆఖరి స్టాపుకి బస్సు పదీ నలభైకి చేరింది. రెండు నిమిషాలకు పాలవ్యాను వచ్చింది. ఇన్‌స్పెక్టరు దిగాడు. రెండు కాళ్ళకూ బూట్లున్నాయి, ప్యాంటు నిండా దుమ్ము. ఎవరూ బస్సు దిగలేదు. అత్తగారు ఎదురెళ్ళి ఆయన చెయ్యి పట్టుకుంది.

"వదిలేసి వచ్చాను బాబూ. నా జన్మలో ఎవరినీ ఇలా వదిలెయ్యలేదు."

"మంచిపని చేశారమ్మా," అన్నాడాయన ఆయాసపడుతూ. "మీరు ఆగి ఉంటే నాలుగోది రాయక తప్పేది కాదు."

తర్వాత అట్ట పైకెత్తి, తను రాసుకున్నది పాఠం అప్పజెప్పినట్టు చదివాడు. "పదో స్టాపు, పది ఇరవై రెండు, టైముకే కదిలింది. సాక్షి నేను. బస్సు అందలేదు. పదకొండో స్టాపు, పది ముప్పై ఒకటి, టైముకే కదిలింది. సాక్షి నేనే. మళ్ళీ అందలేదు. మొత్తం తప్పులు మూడు. రూటు వీళ్ళకే ఉంచవచ్చు." కింద సంతకం చేశాడు. ఆ ముఖం నవ్వగలదని అప్పుడే తెలిసింది.

బస్సు లోపల ఈలలు, చప్పట్లు. మాస్టారు టైలరును వాటేసుకున్నాడు. గుడ్లామె, పగిలిన నాలుగూ పోగా మిగిలినవి అందరికీ తలొకటి పంచుతానని అరిచింది. కోడలు డ్రైవరు సీట్లోంచి దూకి అత్తగారిని పట్టుకుంది. అత్తగారు ఆమె నెత్తిన ఒక మొట్టికాయ వేసి, ఆ మొట్టినచోటే ముద్దు పెట్టుకుంది.

తిరుగు ట్రిప్పు పదకొండింటికి. పది నలభై అయిదుకే ఇన్‌స్పెక్టరు బస్సెక్కి కూర్చున్నాడు.

"ఇంకా పావుగంటుంది సారూ, దిగి టీ తాగి రండి," అంది అత్తగారు.

ఆయన ముందు సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకున్నాడు.

"నేను దిగనమ్మా."