తండ్రికి చోటు

మొక్కజొన్న పొట్టు ఒలిచి, కండె విరిచి, చూడకుండానే బండిలోకి విసురుతున్నాడు ఓరిన్ పెల్‌హామ్. కుడి అరచేతికి తోలుపట్టీతో కట్టుకున్న కొయ్యమేకుతో పొట్టు చీల్చడం, ఎడమచేత్తో లాగడం, మెలితిప్పి తుంచడం, విసరడం. కండె బండి అవతలి చెక్కకు ఠప్పున తగిలి లోపల పడేది. ఆ చప్పుడుకు అలవాటుపడిన గుర్రాలు ఎవరూ అదిలించకుండానే కాస్త ముందుకు జరిగి ఆగేవి. నవంబరు మంచుకు చొప్ప బిరుసెక్కి ముంజేతులు గీరుకుపోతున్నాయి. వేలి కణుపులు పగిలాయి. సాయంత్రం భార్య లోవినా పందికొవ్వు రాస్తే, పొద్దున్న మళ్లీ పగులుతాయి. ఏటా కోతల కాలంలో ఇంతే.

నలభై నాలుగేళ్ల మనిషి. చూసినవాళ్లు యాభై దాటాయనుకుంటారు. తండ్రి ఎబెన్ కాలిఫోర్నియా బంగారం కోసం పడమటికి వెళ్లి, దారిలో కలరా తగిలి పోయాడని కబురొచ్చేనాటికి ఓరిన్ బడికి పోయే పిల్లవాడు. ఆ వసంతంలోనే నాగలి పట్టాడు. మేడికర్రలు గడ్డానికి తగిలేవి. ఆ తర్వాతి చలికాలం చెల్లెలు డార్కస్ జ్వరంతో పోయింది. వయసొచ్చాక హల్దా అనే అమ్మాయి తనవాళ్లతో ఆరెగాన్ వెళ్తూ, నువ్వూ వస్తావా అని అడిగించింది. అమ్మనెవరు చూస్తారని ఉండిపోయాడు. ఉత్తర, దక్షిణ రాష్ట్రాల మధ్య యుద్ధం వచ్చి, సైన్యానికి చీట్లు తీసినప్పుడు అతని పేరొచ్చింది. విధవతల్లికి ఆధారమైన ఒక్కగానొక్క కొడుకని ఆ పేరు కొట్టేశారు. ఆ వంతుకు పక్క పొలం టర్నర్ల అబ్బాయి నేథన్ వెళ్లాడు. తిరిగి రాలేదు.

ఇంటి వెనక యాపిల్ తోట చివర పెల్‌హామ్‌ల సమాధులున్నాయి. తాత, నాయనమ్మ, డార్కస్, పురిట్లోనే పోయిన ఓరిన్ బిడ్డ. తండ్రి పేరన కూడా ఒక రాయి ఉంది. దాని కింద ఎవరూ లేరని ఊరందరికీ తెలుసు. మనిషి ఎక్కడో మైదానాల్లో మట్టిలో కలిశాడు, పేరైనా ఇంటి దగ్గర ఉండనీ అని తల్లి కెజయా వేయించిన రాయి అది.

మధ్యాహ్నం కావస్తుండగా బాట మీద ఒక బండి వచ్చి ఆగింది. ఒక మనిషి దిగి, చొప్పల మధ్యనుంచి నడిచి వస్తున్నాడు. ఓరిన్ చేతిలో కండె చేతిలోనే ఉండిపోయింది. వచ్చేవాడి ఎడమభుజం, నీళ్ల బకెట్ మోస్తున్నట్టు, కిందికి వాలి ఉంది. తన నడక చూసి లోవినా నవ్వేది సరిగ్గా దానికే.

ముప్పయ్యేళ్లుంటాయి అతనికి. పేరు లెవై అన్నాడు. వాబాష్ నది అవతలినుంచి వస్తున్నానన్నాడు.

"ఓరిన్ పెల్‌హామ్ మీరేనాండీ?"

"నేనే."

"మా నాన్న పోయాడండీ, మంగళవారం. ఇక్కడ తన పేరన రాయి ఉందట. దాని కింద పెట్టమని అడిగాడు." ఒకసారి వెనక్కి చూశాడు. "బండిలో ఉన్నాడు. ఎబెన్ పెల్‌హామ్ అండీ ఆయన పేరు."

ఓరిన్ చేతిలో కండెను అలవాటుగా విసిరాడు. అది బండి దాటి అవతల మట్టిలో పడింది.

"మా నాన్న నా చిన్నప్పుడే పోయాడు," అన్నాడు.

"పోలేదండీ. నది అవతలే ఉన్నాడు. ఇక్కడికి రెండు రోజుల దారి. నాకూ ఈ వారమే తెలిసింది. మా అమ్మ బతికుండగా నాన్న నోరు మెదపలేదు."

ఎవరో మోసగాడు అనుకోబోయాడు ఓరిన్. ఆ భుజం అనుకోనివ్వలేదు. చేతికున్న మేకైనా విప్పకుండా అతణ్ణి వెంటబెట్టుకుని ఇంటికి నడిచాడు.

కెజయా పొయ్యి పక్కన కూర్చుని, ఎండబెట్టడానికి గుమ్మడికాయ చక్రాలుగా కోస్తోంది. డెబ్బై ఏళ్లు వచ్చినా కత్తి వణకదు. గుమ్మంలో నిలబడ్డ లెవైని చూసింది. కొడుకు ఒక్క మాటా అనకముందే అడిగింది.

"ఎప్పుడు పోయాడు?"

ఎవరని అడగలేదు. ఓరిన్ బల్ల అంచు పట్టుకున్నాడు. లోవినా చేతిలో గిన్నె కింద పెట్టేసింది.

"తెలుసా అమ్మా నీకు?"

"కబురొచ్చిన మాట నిజమేరా. నమ్మాను. ఏడ్చాను. రాయి వేయించాను. డార్కస్‌ని కూడా అక్కడే పెట్టుకున్నాను. ఆ తరవాత చాలా రోజులకి మనిషే వచ్చి బావి దగ్గర నిలబడ్డాడు. బండిలో కడుపుతో ఒక పిల్ల." లెవై వైపు చూసింది. "మీ అమ్మే అయ్యుంటుంది. డార్కస్ ఎక్కడ అని అడిగాడు. చూపించాను. పక్కనే ఉన్న రాయీ చూపించి, నీ చోటు అదుగో, వచ్చి పడుకుంటావా అన్నాను."

"నాకు చెప్పలేదేం?"

"నువ్వు దిగువ చేలో దున్నుతున్నావు. పిల్లాణ్ణి పలకరించి పోతానన్నాడు. పలకరించు, ఎవరివో చెప్పావంటే మాత్రం ఊరుకోనన్నాను."

ఓరిన్ కుర్చీలో కూలబడ్డాడు. ఆ రోజు గుర్తుంది. కళ్లదాకా గడ్డం పెరిగిన మనిషొకడు కంచె దాటి వచ్చి చాలు వెంట నడిచాడు. నాగలి పక్కకి లాగేస్తుంటే, తన చేతుల మీద చేతులు వేసి మేడి నొక్కాడు. బలంతో కాదు బాబూ, ఒంటి బరువుతో నొక్కు, అన్నాడు. నీ పేరేమిటని అడిగి, చెప్తే, మంచి పేరన్నాడు. ఆ తర్వాత ఎంతమంది కూలీలకు తానదే నేర్పాడో. ఎవరు చెప్పారంటే, ఎవరో దారినపోయే మనిషి అనేవాడు.

చేతికున్న మేకు విప్పి బల్ల మీద పెట్టాడు.

"నువ్వు విధవవని నన్ను యుద్ధానికి పంపలేదమ్మా. నేథన్ పోయాడు. వాళ్లమ్మ ఇప్పటికీ ఆదివారం ప్రార్థనకి మన పక్క బల్ల మీదే కూర్చుంటుంది. నీ చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది."

"నోరు విప్పితే నువ్వు పోయేవాడివి," అంది కెజయా. కోసిన ముక్కనే మళ్లీ కోస్తోంది.

లెవై మెల్లగా, వద్దంటే వెనక్కి తీసుకుపోతానండీ అన్నాడు. ఓరిన్ లేచి కొట్టంలోకి వెళ్లి రెండు పారలు తెచ్చాడు. ఒకటి లెవై చేతికిచ్చాడు.

"నేల ఇంకా గట్టిపడలేదు, పద," అన్నాడు.

ఇద్దరూ రాయి ముందు చెరోవైపునుంచి తవ్వారు. తండ్రి ఎలాంటివాడని అడగాలనుకున్నాడు ఓరిన్. ఏ ప్రశ్నతో మొదలుపెట్టాలో తెలియలేదు. లెవై తనంతట తానే ఒక్క మాట చెప్పాడు: ఏటా దుక్కులకు ముందు నాన్న నది ఒడ్డుదాకా వచ్చి, ఇటు చూస్తూ కూర్చుని వెళ్లేవాడట. చేపలు పట్టడానికనుకునేవాళ్లట ఇంట్లో.

శవపెట్టె దింపబోతుంటే శాలువా కప్పుకుని కెజయా వచ్చింది. ఒకసారి తెరవమంది. లెవై మేకులు ఊడదీసి మూత పక్కకి జరిపాడు. ఆమె వంగి చూసింది. ఓరిన్ చూడలేక తల్లి మొహమే చూస్తున్నాడు.

"ముసలివాడైపోయాడు," అంది ఆశ్చర్యంగా, ఆ సంగతి తనకెవరూ చెప్పనట్టు.

తర్వాత, వెంట వచ్చిన లోవినా భుజం పట్టుకుని ఇంట్లోకి వెళ్లిపోయింది. మట్టి పూడ్చారు. రాతి మీద ఉన్న మరణించిన ఏడు తప్పు కదా అని లెవై అడిగితే, ఓరిన్ పారలు రెండూ తీసుకుని కొట్టం వైపు నడిచాడు.

రాత్రికి ఉండమంటే ఉండలేదు లెవై. లోవినా ఇచ్చిన రొట్టె, ఉప్పుమాంసం గుడ్డలో కట్టుకుని బండెక్కాడు. పగ్గాలు అందుకుంటూ, "వెళ్లొస్తాను అన్నా," అన్నాడు. అంతదాకా అండీ అన్నవాడు. ఓరిన్ కంచెదాకా వెంట నడిచాడు. తమ్ముడూ అనబోయేసరికి బండి మలుపు తిరిగింది.

ఆ మాటే నోట్లో నానుతుండగా కంచె దగ్గరే నిలబడ్డాడు. పొద్దు వాలుతోంది. అప్పుడు చూశాడు: పెట్టె దింపేముందు దాని మీదనుంచి తీసి లెవై కంచె గుంజకు తగిలించిన వెడల్పు అంచున్న తండ్రి పాత ఉన్ని టోపీ అక్కడే ఉంది. మరిచిపోయాడో, వదిలేశాడో. టోపీ లోపల పెట్టనా అని లోవినా గుమ్మంలోంచి అడిగింది. ఉండనీ అన్నాడు. అంచు ముందువైపు వేళ్లతో పట్టి పట్టి అరిగిపోయింది. లోపలి తోలుపట్టీ మీద చెమట మరక ఒక తల చుట్టుకొలతంత, నల్లగా, ఇంకా మెరుస్తూనే ఉంది.