ప్రేమ్ సాగర్ సాక్ష్యంలోని ఆడమనిషి

నంద్యాలలో పియానో ప్రేమ్ సాగర్‌ని ఎరగని మనిషి ఉన్నాడంటే, ఆ మనిషి నిన్నగాక మొన్న బదిలీ మీద వచ్చినవాడై ఉండాలి. మెరుపుల కోటు, వేలికో ఉంగరం, భుజాల దాకా జుట్టు. ఆయన నడిచొస్తుంటే పెళ్లిపందిరి కదిలొచ్చినట్టు ఉండేది. పియానో సంగతి మాత్రం పైన పటారం, లోన లొటారం. వడ్లాయన చేసిన తెల్లరంగు చెక్కపెట్టె, దాని లోపల మామూలు కీబోర్డు, పైన కొవ్వొత్తులు. అయితేనేం, దాన్ని ఆయన మోచేతులతో వాయించేవాడు, కళ్లకు గంతలు కట్టుకుని వాయించేవాడు, జనానికి వీపు తిప్పి కూడా వాయించేవాడు. పెళ్లిళ్లలోనూ తిరునాళ్లలోనూ ఆయన లేకపోతే పిలిచినవాళ్లకే నామోషీగా ఉండేది.

మొదట చర్చిలో హార్మోనియం వాయించినవాడే. తర్వాత ఆర్కెస్ట్రా పెట్టాడు, పేరొచ్చింది, పేరుతోపాటు తాగుడూ వచ్చింది. శ్రీశైలంలో ఒక కార్యక్రమం మధ్యలో ఆ తెల్ల పియానో మీదే కూలిపోయి ఆసుపత్రిలో తేలాడు. లేచాక మారుమనస్సు పొందాడు. కోటు మాత్రం మారుమనస్సు పొందలేదు, నీలం తళుకులు పోయి తెల్ల తళుకులు వచ్చాయి, అంతే. అప్పటినుంచీ సువార్త సభల్లో వాయిస్తున్నాడు, పాటల మధ్య సాక్ష్యం చెబుతున్నాడు. తానెంత పాపంలో ఉన్నాడో, దేవుడెట్లా లేపాడో నలుగురిలో చెప్పుకోవడమే సాక్ష్యం. గుండె లోతుల్లోంచి చెప్పుకునేవాళ్లు ఎందరో ఉన్నారు, వాళ్లను ఏమీ అనడం లేదు. కానీ ప్రేమ్ సాగర్‌కి ఏ పనీ సాదాసీదాగా చేయడం చేతకాదు. తన తాగుడొక్కటే జనానికి ఆనదనుకున్నాడో ఏమో, అందులో ఒక ఆడమనిషిని కలిపాడు.

ఆ ఆడమనిషి ఆయన భార్య వందనే.

వందనది ఉయ్యాలవాడ. కూలి చేసుకునే ఇల్లు. ఆ ఇల్లు గడవడానికే ఆర్కెస్ట్రాలో డాన్సు చేసింది. సాక్ష్యంలో మాత్రం ఆమె చర్చి పిల్లవాడికి మొదటి గ్లాసు అందించిన మనిషి, హార్మోనియం దగ్గరినుంచి చెయ్యి పట్టుకుని లాక్కుపోయిన మనిషి. నిజానికి ఆమె చేరేనాటికే ఆయన పొద్దున్నే మొదలుపెట్టేవాడు. వాంతులు కడిగింది ఆమె, ఆసుపత్రిలో మంచం పక్కన కూర్చుంది ఆమె, ఇక మీ దేవుడే దిక్కని పాస్టరును పిలుచుకొచ్చిందీ ఆమే. మొదటిసారి ఆ కథ విన్నప్పుడు ఒళ్లంతా మంట పుట్టింది. ఇంటికి పోయి అడిగితే, నాలుగు ఆత్మలు మారతాయి, నీదేం పోయిందన్నాడు. తర్వాత ఒంగోలులో విన్నది, అనంతపురంలో విన్నది, హైదరాబాదులో విన్నది. వినగా వినగా మంట ఆరిపోయింది. పంటికి మత్తుసూది వేశాక బుగ్గ గిల్లినా తెలియదే, అట్లా అయిపోయింది ఆమెకు. చివర్లో ఆయన "ఆ స్త్రీ ఈమే, దేవుడు ఈమెనూ లేపినాడు" అని చెయ్యి చూపిస్తాడు. ముందు వరుసలో ఆమె లేస్తుంది, కొంగు తలమీదికి లాక్కుంటుంది, దండం పెట్టి కూర్చుంటుంది. జనం హల్లెలూయ అంటారు.

ఒక్క విషయంలో మాత్రం ఆమెకు ఇంకా ప్రాణం ఉంది. కూతురు సిరి ఆ కథ వినకూడదు. అందుకే సభలున్నప్పుడల్లా పిల్లను వెలుగోడులో నాయనమ్మ ఏసమ్మ దగ్గర వదిలేది. కానీ సిరి ఇప్పుడు ఇంటర్‌కొచ్చింది, సెలవులకు ఇంట్లో ఉంది, సభేమో పక్కనే ఆళ్లగడ్డలో. నేనూ వస్తానంది. వద్దనడానికి వందనకు కారణం దొరకలేదు.

బయలుదేరే ముందు అద్దం దగ్గర ఉంగరాలు తొడుక్కుంటున్న మొగుడి దగ్గరికి పోయింది.

"సిరి వస్తాంది ఈ పొద్దు. ఆ ముక్క చెప్పొద్దు."

"సరేలే, చెప్పన్లే," అన్నాడు ఆయన.

అన్నాక నిజంగానే మాటమీద నిలబడాలని చూశాడు, ఆ సంగతి ఒప్పుకోవాలి. ఆళ్లగడ్డ మైదానంలో సాయంత్రం జనం కిటకిటలాడుతున్నారు. మోచేతి వాయింపుకి ఈలలు పడ్డాయి. సాక్ష్యం మొదలైంది. హార్మోనియం అయింది, ఆర్కెస్ట్రా అయింది. ఆ ముక్క దగ్గరికొచ్చి ఒక్క క్షణం ఆగి, దాటేసి నేరుగా శ్రీశైలం పోయాడు. వందన ఊపిరి వదిలింది. చాలాకాలానికి ఆమెకు మొగుడి మీద కాస్త జాలి, కాస్త ఇష్టం లాంటిది కలిగింది.

కానీ జనం చల్లబడ్డారు. వాళ్లంతా వీడియోల్లో విన్నవాళ్లే, రావలసింది రాలేదని పక్కవాళ్ల వంక చూసుకున్నారు. ఆసుపత్రి దగ్గర ఎప్పుడూ ఏడ్చే చోట ఒక్కరూ ఏడవలేదు. వెనకవరసల్లో చాపలు దులుపుకుని లేస్తున్నారు. ప్రేమ్ సాగర్ అది చూశాడు. వీపులు చూసి ఓర్చుకోగలిగిన మనిషి కాదాయన. కీబోర్డు మీద చేతులు పెట్టి మెల్లగా ఒక రాగం తీశాడు.

"ఒక మాట దాచినా మీకాడ. దాస్తే దేవుడొప్పుకోడు. నన్ను చెడగొట్టిన స్త్రీ ఒకామె ఉండాది..."

లేచినవాళ్లు కూర్చున్నారు. కథ ఎప్పటికన్నా బాగా వచ్చింది, గ్లాసు ఒకటి రెండయింది. వందన కూతురి వంక చూడలేదు. తన కాళ్ల వంక చూసుకుంది. చివర్లో ఆయన చెయ్యి ఇటు తిరగ్గానే ఆ కాళ్లు వాటంతటవే లేచాయి. కొంగు తలమీదికి వచ్చింది. దండం పెట్టింది, కూర్చుంది.

తలెత్తకుండానే, "నిజం కాదు సిరీ," అంది.

"తెలుసమ్మా," అంది సిరి. ఆ గొంతులో కోపం లేదు, ఏడుపూ లేదు. "హైస్కూల్లోనే మా క్లాసోళ్లు ఫోన్లో చూపిచ్చినారు. అప్పట్నుంచి అన్నీ చూసినా."

వందన కూతురి వైపు తిరిగింది. మరి ఎందుకు వచ్చావే అని అడిగింది.

"ప్రతి వీడియోలో లేస్తావ్, కొంగు కప్పుకుంటావ్, కూర్చుంటావ్. నేను ఎదురుగా ఉంటే అన్నా కాదంటావేమో అని వచ్చినా."

వేదిక మీద ప్రేమ్ సాగర్ వెనక్కి తిరిగి నిలబడి ఆఖరి పాట అందుకున్నాడు. మైదానమంతా తాళం వేస్తోంది. సిరి రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని తల్లి చేతుల వంక చూస్తోంది. అప్పుడు వందన కూడా చూసుకుంది. ఆ చేతులు అందరితోపాటు, లయ తప్పకుండా, చప్పట్లు కొడుతున్నాయి.