ఎల్స్‌పెత్ పొయ్యి ముట్టించలేదు

ఐదుగురి చావును తీసుకెళ్ళి ఒక ఆడమనిషి నెత్తిన రుద్దారు మీరు. మన దీవుల రాజధాని స్టాన్లీలో బల్ల వేసుకుని కూర్చుని విచారణ చేశామన్న ముగ్గురు అధికారులూ, మీ గురించే ఇది. వాళ్ళ వెనక నిలబడి తలూపిన గొర్రెల కంపెనీ మేనేజర్ దొరా, నీ గురించి కూడా. ఛాతీ మీద పతకం పెట్టుకున్న యువరాజా, నీ గురించి మరీను. టీల్ క్రీక్ జనమా, మనకేం సంబంధం అని పక్కకు తప్పుకోకండి. మనం కూడా ఉన్నాం ఇందులో.

యుద్ధం మన దీవుల మీదికి వచ్చిన చలికాలం అది. స్టాన్లీ అర్జెంటీనా వాళ్ళ చేతిలో ఉంది. మన వైపు ఇంగ్లండు సైన్యం పడమటి తీరాన దిగి, టీల్ క్రీక్ లోయలో హెలికాప్టర్ల చమురు డ్రమ్ములు దాచింది. గొర్రెల బొచ్చు కత్తిరించే షెడ్డులో సైనికులు పగలు పడుకునేవాళ్ళు. పైనుంచి చూసేవాడికి ఆ లోయలో మనిషి లేనట్టే కనపడాలి. అందుకని ఆజ్ఞ వేశారు. పొయ్యిలు చీకట్లోనే వెలగాలి, తెల్లారేలోపు ఆరిపోవాలి, పగలు ఏ ఇంటి పొగగొట్టం నుంచీ పొగ రాకూడదు.

ఆ ఆజ్ఞను ఇంటింటికీ మోసుకొచ్చింది హెలికాప్టర్ నడిపే ఐవో. రాణిగారికి దూరపు బంధువు. అతను సింహాసనం ఎక్కాలంటే ముందు సగం లండన్ చావాలని మర్డో ఎగతాళి చేసేవాడు. అయినా అందరం యువరాజనే పిలిచేవాళ్ళం. అతనూ పలికేవాడు. గర్వం లేని మనిషే, నిజం చెప్పుకోవాలి.

మర్డో లోయ చివరి ఇంట్లో ఉండే గొర్రెల కాపరి. ఎల్స్‌పెత్ అతని భార్య. మర్డో నాకు అన్న లెక్క, అందుకని ఆమెను వదినా అంటాను. ఆజ్ఞ చెప్పడానికి వచ్చిన రోజు వదిన యువరాజును కూర్చోబెట్టి టీ ఇచ్చింది, మాంసం రొట్టె పెట్టింది. స్టాన్లీ దాటితే పల్లెలన్నీ మనకు క్యాంపే, ఆ క్యాంపు మర్యాద కూడా నేర్పింది. ఇక్కడ ఏ ఇంటికీ తాళం ఉండదు. ఎవరైనా సరే, ఇంట్లో మనిషి లేకపోయినా తలుపు తోసుకుని లోపలికి పోవాలి. పొయ్యి ముట్టించుకుని టీ కాచుకు తాగాలి. పోయేటప్పుడు తర్వాత వచ్చేవాడి కోసం పొయ్యి పక్క పెట్టెను పీట్ గడ్డలతో, అంటే చిత్తడి నేలలోంచి తవ్వి ఎండబెట్టి మండించుకునే మట్టిగడ్డలతో, నింపి పోవాలి. యుద్ధం అయ్యాక ఎప్పుడొచ్చినా, మేం లేకపోయినా, టీ తాగే పొమ్మని చెప్పింది. అతను నవ్వి మాట ఇచ్చాడట.

బాంబులు పడిన రోజు గాలి లేదు. మన దీవుల్లో గాలి లేని రోజంటే ఏడాదికోసారి వచ్చే వింత. నేనూ, నాతో పనిచేసే విల్ఫూ గుర్రాలను తోలుకొస్తూ గట్టు మీద ఉన్నాం. లోయ చివర మర్డో ఇంటి పొగగొట్టం నుంచి నల్లటి పొగ లేచింది. గాలి లేదు గనక చెదరలేదు. కంచె గుంజ పాతినట్టు నిటారుగా ఆకాశంలోకి పోయింది.

"అయిపోయింది. మీ వదిన ఇక టీ లేకుండా ఉండలేకపోయింది," అన్నాడు విల్ఫ్.

నేను గుర్రం కళ్ళెం పట్టుకుని కిందికి పరిగెత్తడం మొదలుపెట్టాను. సగం దారిలో ఉండగానే సముద్రం వైపు నుంచి రెండు జెట్‌లు నీళ్ళకు ఆనుకున్నట్టు వచ్చాయి. మొదటిది పొగను చూసుకుని లోయలోకి తిరిగింది, పొగ పక్కనే ఉన్న షెడ్డు మీద బాంబు వేసింది. లోపల నలుగురు సైనికులు నిద్రలో ఉన్నారు. మర్డో వాళ్ళకు వండిన మాంసం ఇవ్వడానికి అప్పుడే లోపలికి వెళ్ళాడు. ఆ షెడ్డు రేకు ఒకటి గట్టు దాకా ఎగిరివచ్చి గుర్రం కాళ్ళ ముందు పడింది.

రెండో జెట్ డ్రమ్ముల వైపు తిరుగుతోంది. అవి అంటుకుంటే లోయలో ఒక్క ప్రాణి మిగలదు. అప్పుడు మర్డో ఇంటి వెనక, పీట్ తవ్విన గుంటలోంచి హెలికాప్టర్ లేచింది. ఒక పక్క రేకులు చిరిగి వేలాడుతున్నాయి. నేరుగా ఆ జెట్ ముక్కుకు ఎదురు వెళ్ళింది, కనపడమని వెళ్ళింది. చివరి క్షణంలో పక్కకు వాలి సముద్రం చొచ్చుకొచ్చిన ఇరుకు పాయలోకి దిగిపోయింది. జెట్ దాని వెనకే పడింది. హెలికాప్టర్ చక్రాలు సముద్రపు నాచును తాకడం నేను చూశాను. బాంబులు దాన్ని దాటిపోయి నీళ్ళలో పేలాయి, జెట్ ఉత్త చేతులతో సముద్రం మీదికి పోయింది.

హెలికాప్టర్‌లో ఉన్నది ఐవో. అది ధైర్యం. కాదన్నవాడితో నేనే తగువుకు దిగుతాను. పతకం ఇచ్చింది దానికే.

అయితే పొయ్యి ముట్టించిందెవరు?

వదిన ఆ సమయంలో ట్రాక్టరేసుకుని దూరపు పొలంలో డ్రమ్ముల మీద గడ్డి కప్పుతోంది. విచారణలో అడిగారు. తెల్లారకముందే నిప్పు మీద బూడిద కప్పానని చెప్పింది. పూర్తిగా ఆరిందని చెప్పగలవా అన్నారు. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. చెయ్యి పెట్టి చూడలేదని చెప్పింది. అంతే, అదే పట్టుకున్నారు. పీట్ నిప్పు బూడిద కింద గంటల తరబడి బతికుంటుందని ఇక్కడ పసిపిల్లలకు కూడా తెలుసు. పౌరురాలి అజాగ్రత్త అని తేల్చారు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి గనక శిక్ష వద్దని దయ చూపించారు. ఆ దయ పేరుతోనే కంపెనీ కాపరి ఇల్లు ఖాళీ చేయించింది, కూలీల వంటశాల వెనక గదిలోకి పంపింది.

మనం ఏం చేశాం? ఆమె తలుపు తోయడం మానేశాం. క్యాంపులో ఒక మనిషికి అంతకంటే పెద్ద శిక్ష ఉందా? షెడ్డులో చచ్చిన కుర్రాళ్ళ మొహాలు అందరికీ గుర్తున్నాయి. వంటశాల దగ్గర ఆమె కనపడితే మాటలు ఆగేవి. ఎల్స్‌పెత్ చేతి టీ బాగా ఖరీదు అని ఒకడు జోక్ వేస్తే నలుగురు నవ్వారు. ఆ నవ్వు ఆమె వింది.

ఆమె ఆ గదిలో పొయ్యి ముట్టించలేదు. చలికాలమంతా ముట్టించలేదు. చల్లారిన మాంసం తిని, చన్నీళ్ళు తాగి, మర్డో కోటు కప్పుకుని కూర్చుంది. చేతులు పగిలి రక్తం కారేవి. పొయ్యిలో పీట్ పేరుద్దామని నేను వంగితే నా చెయ్యి పట్టుకుని లాగేసింది.

"వద్దురా. మర్డోను ఆ నిప్పుతోనే చంపాను. ఇంకోసారి నా పొయ్యి మీంచి పొగ రావడం నేను చూడలేను."

ఆమె కూడా నమ్మేసిందన్నమాట. చూశారా, తప్పు చేసింది గనకే వణుకుతోంది అని జనం అనుకున్నారు.

మరుసటి ఏడాది టీల్ క్రీక్‌లో చనిపోయినవాళ్ళకు రాయి నిలబెట్టారు. దాన్ని ఆవిష్కరించడానికి ఐవోనే పంపారు. ముందు రోజు మధ్యాహ్నం అతను ఒంటరిగా వదిన గదికి వచ్చాడు. నేను లోపల కిటికీ అద్దం బిగిస్తున్నాను. తలుపు తెరిచే ఉంది. అయినా గడప దాటలేదు, టోపీ చేత్తో పట్టుకుని వానలో నిలబడ్డాడు.

లోపలికి రా బాబూ అంది వదిన. రాలేదు. నన్ను బయటికి వెళ్ళమంటాడేమో అనుకున్నాను. అదీ అనలేదు.

"పొయ్యి ముట్టించింది నేనమ్మా," అన్నాడు.

వదిన కుర్చీలోంచి లేవలేదు. అతను గడప అవతల నిలబడే మిగతాదంతా చెప్పాడు. ఆ ఉదయం తీరం మీద తూటాలు తగిలి హెలికాప్టర్ చిరిగింది. వెనక కూర్చునే పెరిన్ అనే తోటి సైనికుడు సముద్రంలో పడ్డాడు. తాడేసి పైకి లాగేసరికి ఒళ్ళంతా నీలమైంది, మాట పోయింది. దగ్గర్లో కనపడింది మర్డో ఇల్లు, హెలికాప్టర్‌ను దాని వెనక గుంటలో దించాడు. ఇంట్లో ఎవరూ లేరు. పొయ్యి చల్లగా ఉంది. ఎంత చల్లగానంటే, బూడిదలో చెయ్యి పెట్టి చూశానన్నాడు. పెట్టె నిండా పీట్ ఉంది. ఆజ్ఞ తెచ్చింది తనే. ఆజ్ఞ గుర్తుంది, అయినా కళ్ళముందు పెరిన్ చచ్చిపోతున్నాడు. పావుగంట చాలనుకున్నాడట. పెరిన్ బతికాడు. ఇప్పుడు అతనికి ఒక కూతురు కూడా.

విచారణకు ముందే పెద్ద అధికారులకు అంతా చెప్పేశాడట. ఇది బయటికొస్తే నీ ఒక్కడి పరువు కాదు పోయేది, రాణిగారి ఇంటి పరువు పోతుంది, గెలిచిన యుద్ధం మీద మచ్చ పడుతుంది అన్నారట. ఆ ఆడమనిషికి ఎలాగూ శిక్ష వెయ్యం గదా అన్నారట.

"నాకెందుకు చెప్తున్నావు ఇప్పుడు?" అని అడిగింది వదిన.

"నిద్ర పట్టడం లేదమ్మా."

"నాకు పట్టిందనుకున్నావా?"

వదిన లేచి, మూలన దుమ్ము పట్టిన పొయ్యి మూత తీసింది.

"ముట్టించు. ఆ రోజు ఎలా ముట్టించావో అలాగే. నేను చూడాలి."

యువరాజు గడప దాటి వచ్చి పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎండు పుల్లలు వెతకలేదు. పీట్ గడ్డలను గోడ కట్టినట్టు దగ్గర దగ్గరగా పేర్చాడు, తడి ఆరని పక్క లోపలికి పెట్టాడు. దీపంలోని కిరోసిన్ పోసి అగ్గిపుల్ల గీశాడు. గది నిండా నల్లటి పొగ కమ్మింది. నాకు దగ్గొచ్చింది, కళ్ళు మండాయి, బయటికి వచ్చి పొగగొట్టం వైపు చూశాను.

అప్పుడు తెలిసింది. ఆ రోజు గట్టు మీంచి చూసింది ఇదే పొగ. వదిన పొయ్యి పొగ ఎలా ఉంటుందో టీల్ క్రీక్‌లో ఎవరికి తెలియదు? ఎండు పీట్‌ను నిలబెట్టి, మధ్యలో సందు వదిలి, చిట్టి పొదల పుల్లలతో రాజేస్తుంది. సన్నటి నీలి పొగ తప్ప ఏమీ రాదు. బూడిద కింద మేలుకున్న నిప్పైనా అంతే. మనందరం ఇక్కడ పుట్టినవాళ్ళం. మనందరం ఆ రోజు నల్లటి పొగ చూశాం. ఒక్కడు కూడా ఆగి ఆలోచించలేదు. టీ లేనిదే ఎల్స్‌పెత్ ఉండలేదు అన్న ముచ్చట మనకు అంత ముద్దొచ్చింది.

లోపలికి వెళ్ళేసరికి వదిన ఏడుస్తోంది. కోపం లేదు ఆ ఏడుపులో. ఒక ఏడాది పాటు మోసిన బరువు దించుకుంటున్న మనిషి ఏడుపు. యువరాజు ఆమె కాళ్ళ దగ్గరే కూర్చుని క్షమించమని అడిగాడు.

"పెరిన్ బతికాడు, సంతోషం," అంది. "నేనున్నా ముట్టించేదాన్నేమో. అది వేరే సంగతి. నన్ను అడగడం కాదు బాబూ. రేపు రాయి దగ్గర అందరూ ఉంటారు. ఇప్పుడు నాకు చెప్పిన మొదటి మాట అక్కడ చెప్పు. ఒక్క మాటే."

చెప్తానన్నాడు. నా ముందే అన్నాడు.

మర్నాడు గాలి కోసేస్తోంది. అందరూ వచ్చారు. విచారణ చేసిన ముగ్గురిలో ఒకాయన యువరాజు మోచేతి పక్కనే నిలబడ్డాడు. వదిన తల దువ్వుకుని, పెళ్ళినాడు మర్డో ఇచ్చిన శాలువ కప్పుకుని ముందు వరసలో నిలబడింది. ఏడాది తర్వాత ఆమె మొదటిసారి మనుషుల మధ్య తలెత్తుకుంది. యువరాజు నలుగురు సైనికుల పేర్లూ చదివాడు. మర్డో పేరు దగ్గర ఆగాడు. ఇప్పుడు చెప్తాడు అనుకున్నాను. పక్కన ఉన్నాయన మెల్లిగా దగ్గాడు. యువరాజు వాళ్ళ త్యాగాన్ని మరవలేమని చెప్పి, వెనక్కి అడుగు వేశాడు.

"బాబూ, ఒకటి మిగిలింది," అంది వదిన. అరవలేదు. వంటింట్లో ఉప్పు అందివ్వమన్నట్టు అంది.

అతను ఆమె వంక చూడలేకపోయాడు. ఆ పెద్దమనిషి అతని భుజం మీద చెయ్యేసి హెలికాప్టర్ దాకా నడిపించుకుపోయాడు. నేను రాతి మెట్టు ఎక్కి నిన్న విన్నదంతా చెప్పాను. కూలీల యూనియన్ నడిపేది నేనే గనక, యూనియన్ వాడికి రాజుల మీద కక్ష అన్నాడు మేనేజర్. పొద్దున్నే తాగావా అన్నాడు విల్ఫ్. జనం కాళ్ళ వంక చూసుకుంటూ ఇళ్ళకు పోయారు. సగం మంది నమ్మారని నాకు తెలుసు. నమ్మినవాళ్ళే ముందుగా పోయారు, ఎందుకంటే నమ్మితే ఆమె మొహం చూడాలి.

వదిన ఇప్పుడు పొయ్యి ముట్టించుకుంటోంది. తన దృష్టిలో తను ఇక నేరస్తురాలు కాదు. కానీ ఆ గదికి నేను తప్ప ఎవరూ రావడం లేదు. చచ్చిపోయిన కుర్రాళ్ళ తల్లులు ఇంగ్లండులో ఇప్పటికీ ఆమెనే తిట్టుకుంటున్నారు. ఆమె వయసు అరవై దాటింది. నిజం తర్వాత చెబుదాం అనేవాళ్ళకు చెబుతున్నా, ఆమెకు తర్వాత ఎక్కువ లేదు.

కాబట్టి వినండి. అధికారులూ, మీ తీర్పు తప్పని మీరే ప్రకటించాలి, ఆ తల్లులకు మీరే చెప్పాలి. మేనేజర్ దొరా, లోయ చివరి ఇల్లు ఆమెది, తిరిగి ఇవ్వు. ఇవ్వకపోతే ఈ సీజన్‌లో ఒక్క గొర్రె మీద కత్తెర పడదు, యూనియన్ తరఫున చెబుతున్నా. టీల్ క్రీక్ జనమా, రేపు పొద్దున్నే ఆమె తలుపు తోయండి, లోపలికి పోయి కూర్చోండి, తప్పైందని నోరు తెరిచి చెప్పండి. యువరాజా, జెట్‌కు ఎదురు వెళ్ళినవాడివి, ఒక దగ్గుకు భయపడకు. రా, ఆమె పక్కన నిలబడు, అందరికీ వినపడేలా ఆ ఒక్క మాట చెప్పు.