ప్రశాంతి రాసిన మూడో అర్జీ

ప్రశాంతి రాసిన రెండు అర్జీలకూ అతీగతీ లేదు. కాలువ చివర వాళ్ల మూడెకరాల మిర్చి మాత్రం పూత మీద ఎండిపోతోంది. ఇంకో పది రోజుల్లో నీళ్లు రాకపోతే దున్నేసుకోవడమే. సోమవారం కాలువ ఇంజినీరు పక్కూరు మాచవరం వస్తున్నాడని తెలిసి, ఈసారి ఆయన చేత అర్జీ చదివించి తీరాలని పంతం పట్టింది.

పాత అర్జీ నకలు తీసి చూసుకుంటే తనకే తల తిరిగింది. నాలుగు పేజీలు. మొదటిదాని నిండా మామగారి తాత కాలువకు భూమి ఇచ్చిన వైనం. తర్వాత రెండు పేజీలూ పైచేను బాలకోటయ్య తూము పగలగొట్టిన సంగతి, ఆయన పార్టీ, పంచాయతీ ఎన్నికల కొట్లాట. నీళ్ల ఊసు నాలుగో పేజీ అడుగున. పాపం ఆ ఇంజినీరు అక్కడిదాకా వస్తేగా.

అందుకే ఈసారి తెల్లకాగితం ముందే తీయలేదు. చిత్తుకాగితం మీద మూడు ముక్కలు రాసుకుంది. ఏం కావాలి, ఎప్పటిలోగా, ఎంతమందికి. వాటిని పట్టుకుని చిత్తుప్రతి రాసి, మిరపకాయల తొడిమెలు తీస్తున్న అత్తగారు వెంకాయమ్మ పక్కన కూర్చుని చదివింది. ఆవిడకు చదువు రాదు. ఆవిడ చెయ్యి ఆగిన చోటల్లా పెన్సిలు గీత పెట్టింది.

"నీటి ఎద్దడి దృష్ట్యా అంటే ఏందే?"

"నీళ్లు లేవని, అత్తయ్యా."

"అట్టనే రాయొచ్చుగా."

అట్టనే రాసింది. నాలుగుసార్లు తిరగరాసేసరికి ఒక్క పేజీకి దిగింది. ఇక మిగిలింది బాలకోటయ్య పేరా ఒక్కటే. అదంటే ఆమెకు ప్రాణం, అంత కసిగా కుదిరింది మరి. భర్త త్రికోటేశ్వరరావుకైతే చెప్పనే అక్కర్లేదు.

"అది తీస్తే ఇంక అర్జీలో ఏముంటది?" అన్నాడు.

"నీళ్లుంటయి. ఇది చూస్తే ఇంజినీరు పార్టీల గొడవేనని పక్కన పడేస్తాడయ్యా. మనకు నీళ్లు కావాలా, బాలకోటయ్య పరువు తీయడం కావాలా?"

"రెండూ."

ఆమె మనసు ఉసూరుమంటున్నా ఆ పేరాను అడ్డంగా కొట్టేసింది.

ఆదివారం పొద్దున సంతకాలకు తిరుగుతుంటే టీ బంకు దగ్గర బాలకోటయ్యే కాగితం ఇమ్మని చెయ్యి చాచాడు. ఆయన కళ్లజోడు పెట్టుకుని పేజీ అంతా చదివాడు. వెనక్కి తిప్పి చూశాడు.

"పోయినసారి నా పేరు పదకొండుసార్లు రాశావంట. ఇందులో ఏది?"

"తీసేశాను, మామయ్యా."

ఆయన కాగితాన్ని బంకు బల్ల మీద పరిచాడు.

"మా కిందిచేను కూడా ఎండతానే ఉందమ్మాయ్. కలం ఇటియ్యి. రేపు నేనూ వస్తా. రెండు పార్టీలోళ్లం కలిసొస్తే చదవక ఏం చేస్తాడు?"

ఇంటికొచ్చాక త్రికోటేశ్వరరావు సంతకాలన్నీ చూసుకుంటూ పోయి ఒకచోట ఆగాడు.

"బాలకోటయ్య పేరు తీసేశానన్నావే?"

"నేను తీసేశా. ఆయనే రాసుకున్నాడు."

అతను కలం అడిగి, ఆ పేరు కిందే తన సంతకం చేశాడు.