రేవతి పెళ్ళి షామియానా

అల్లూరులో ముబీన్ పొద్దున లేస్తే చేసే పని ఒకటే. షెడ్డు తలుపు తీసి, మూలన చుట్టిపెట్టిన షామియానాను బయటికి ఈడ్చి, ఎండలో పరిచి, పొద్దు గూకేవేళకు మళ్ళీ చుట్టి లోపల పెట్టడం. ఉగాది ముందు నుంచీ పందిరి కావాలని అడిగిన మనిషి లేడు. అయినా పరచక తప్పదు. మామూలు గుడ్డయితే బూజు పట్టి ఊరుకుంటుంది. ఇది అలుగుతుంది. నాలుగు రోజులు వరసగా చుట్టిపెడితే లోపల్నుంచి తన్నడం మొదలుపెడుతుంది, పక్కనున్న ఇనప కుర్చీలన్నీ దడదడలాడిపోతాయి.

"పరుస్తుండాడు లేవే, తన్నబాక!" అని ముబీన్ వాళ్ళమ్మ జాన్‌బీ దాన్ని కసురుకునేది.

ముబీన్ తండ్రి దరియావలి బతికున్న రోజుల్లో ఇసకపల్లి పడవలవాళ్ళ దగ్గర పాత తెరచాపలు తెచ్చి, జాన్‌బీ చేత కుట్టించిన షామియానా అది. తెల్లగుడ్డ మధ్యలో ఒక పెద్ద ఎర్రముక్క, అంచంతా పసుపుపచ్చ. సముద్రం మీద తిరిగిన గుడ్డ కదా, ఎటు ముడుచుకోవాలో ఎటు సాగాలో దానికి ఒకరు చెప్పే పనిలేదు. పెళ్ళిలో ఎవడన్నా తాగి గలాటా చేస్తే వాడి మీద నీడ తీసేస్తుంది. వాడు కుర్చీ జరుపుకుంటే అదీ జరుగుతుంది. ఎండకు మాడి మత్తు దిగినాక మళ్ళీ వచ్చి కప్పుతుంది. చావింట్లో అయితే ఏడ్చే మనిషి ఎంత దూరాన కూలబడినా అంచు అక్కడిదాకా సాగుతుంది. ఊళ్ళో ఎవరూ దీన్ని నోరు తెరుచుకుని చూసింది లేదు. "నీడ పోయింది, లేచి అవతలికి పో బావా," అనేవాళ్ళు, అంతే.

ఆ కరోనా ఏడు మాత్రం ఊరు ఊరంతా ఉడికిపోయింది. అంగళ్ళు తొమ్మిదింటిదాకే అన్నారు, తర్వాత పదకొండు అన్నారు, ఆ తర్వాత ఒక వీధి తెరిచి పక్క వీధికి కట్టెలు అడ్డం కట్టినారు. టీ అమ్ముతారంట గానీ అక్కడ నిలబడి తాగకూడదంట. కవర్లో పోయించుకుని, ఇంటికి మోసుకుపోయి, గ్లాసులో వంచుకుని తాగేది కూడా ఒక టీయేనా? "తెరిస్తే పూర్తిగా తెరవండి, మూస్తే పూర్తిగా మూసిపారెయ్యండి!" అని బస్టాండు కాడ గొంతు చించుకున్న పెద్దమనిషే, పక్కనోడు దగ్గితే అందరికంటే ముందు పారిపోయినాడు. ఏం చెయ్యమంటారు మరి! విసుగూ భయమూ ఆ రోజుల్లో ఒకే ఇంట్లో కాపురం ఉండినాయి.

శ్రావణం వస్తా వస్తా కబురు తెచ్చింది. పెళ్ళిళ్ళు చేసుకోవచ్చు, తాసిల్దారు ఆఫీసులో పర్మిషన్ తీసుకోవాలి, యాభై మందికి మించకూడదు!

ఆ కబురు ఊళ్ళోకి పూర్తిగా రాకముందే హజరత్తయ్య ముబీన్ షెడ్డు ముందు ప్రత్యక్షమైనాడు. పంచె మోకాళ్ళ పైన, మాస్కు గడ్డం కింద.

"రేయ్ ముబీనూ! షామియానా దులపరా! మన రేవతి పెళ్ళి!"

హజరత్తయ్య వరి రైతు. రేవతి ఆయన ఒక్కగానొక్క కూతురు. కావలి అబ్బాయి పెంచలకృష్ణతో పెళ్ళి కుదిరి, రెండుసార్లు ఆగిపోయింది. రెండుసార్లూ పసుపు కొట్టినారు, రెండుసార్లూ ఆ పసుపంతా కూరల్లోకే పోయింది. రెండోసారి ఆగినప్పుడు రేవతి ఏడవలేదు. పెళ్ళిచీర మడిచి బీరువా అడుగున, పాత దుప్పట్ల కింద పెట్టేసింది. అది చూసిన హజరత్తయ్య, "ఈసారి ఏమొచ్చినా ఆపను తల్లీ," అని కూతురి నెత్తిన చెయ్యి పెట్టి ఒట్టేసినాడు.

"యాభై మందేనంట గదా మామా," అన్నాడు ముబీన్.

"అవున్రా. బంతికి యాభై."

"బంతికా?"

"ఒక బంతి తిని లేచినాక ఇంకో బంతి కూర్చుంటుంది. ఎవరొచ్చి చూసినా పందిట్లో యాభై మందే గదా ఉండేది! ఇందులో తప్పేముంది చెప్పు?"

ఈ లెక్క ఊరికి భలే నచ్చింది. హజరత్తయ్య తినని పెళ్ళి అల్లూరులో లేదు, ఇప్పుడు ఆయన ఎవరిని వద్దంటాడు పాపం! "నేను మూడో బంతి," "మమ్మల్ని చివర్లో వెయ్యబాకన్నా, లడ్లు మిగలవు," అంటా వీధుల్లో ఒకటే సందడి. నెలల తరబడి ఉతికి మడిచిపెట్టిన చొక్కాలు బయటికొచ్చినాయి. ఒక్క హజరత్తయ్య తల్లి వెంకటశేషమ్మే అరుగు మీద కూర్చుని అడిగింది.

"బంతి లేచిపోతే వాళ్ళు వదిలిన గాలి కూడా లేచిపోతుందంట్రా అబ్బయ్యా?"

"నువ్వూరుకోమ్మా," అన్నాడు కొడుకు.

పెళ్ళి ముందురోజు సాయంత్రం ఇంటి ముందర షామియానా లేచింది. లేవడం అంటే అట్టా ఇట్టా కాదు. ముబీన్ గుంజలు నాటేలోపే అది తనంతట తాను సగం పైకెగిరి కూర్చుంది, అంత ఆత్రం దానికి. వంటల కోసమని రోడ్డుకు అవతలున్న హజరత్తయ్య మడి కాడి మోటారు నుంచి పచ్చపైపు ఒకటి పందిరి దాకా లాగినారు. పసుపు రాసిన పెళ్ళి రాట పాతేటప్పుడు దాన్ని పట్టుకోను ఇంటి యజమానిగా హజరత్తయ్య వచ్చినాడు. ఆయన వచ్చి నిలబడగానే ఆ పక్క అంచు మెల్లిగా ముడుచుకుంది. ఆయన ఇటు జరిగినాడు. అంచు అటు జరిగింది.

"నీడ నీ మీద నిలవడంలా మామా," అన్నాడు ముబీన్ గొంతు తగ్గించి.

"గాలిరా, గాలి."

"గాలి యాడుంది? ఆకు కూడా కదలడంలేదే."

హజరత్తయ్య అటూ ఇటూ చూసి అతన్ని రోడ్డు మీదికి పిలిచినాడు. పిలిచినాడే గానీ దగ్గరికి రానియ్యలేదు. శ్రావణపు ఉక్కలో భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని ఉన్నాడు మనిషి. ఇంట్లో చుట్టాలకు జాగా చాలదని చెప్పి కొన్నాళ్ళుగా మోటారు షెడ్డులోనే పడుకుంటున్న సంగతి ముబీన్‌కు అప్పుడు గుర్తొచ్చింది.

"జొరమా మామా?"

"కొంచెం వెచ్చగా ఉండాది, అంతే. మడిలో తడిసినా. ఒరే, ఇంకో నాలుగు తాళ్ళు వేసి దాన్ని బిగించి కట్టరా. రేపు ఒక్క పూట కదలకుండా కట్టు చాలు." ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగినాయి. "ఆ చీర మళ్ళీ బీరువా అడుగుకు పోతే నేను బతకలేన్రా."

ముబీన్‌కు జాలేసింది. నిజం చెప్పాలంటే భయం కూడా వేసింది. ఇన్నాళ్ళకు వేసిన మొదటి పందిట్లోనే పెళ్ళి ఆగిపోతే, ఇంకెవరు తన గడప తొక్కుతారు? తాళ్ళు తెచ్చి బిగించి కట్టినాడు. గుడ్డ కిర్రుమని మూలిగింది. పసుపు అంచు ఎక్కడైనా పిగిలిందేమో కుడదామని సూదీ దారం పట్టుకొచ్చిన జాన్‌బీ ఆ తాళ్ళు చూసి ఆగిపోయింది.

"దాన్ని ఎందుకురా అట్టా బంధించినావు?"

"గాలొస్తుందేమోనని."

"గాలి యాడుందిరా?" అనింది ఆమె. ముబీన్ కుర్చీలు దించను పోయినాడు.

తెల్లారింది. అబ్బో, ఏం తెల్లారడం అది! సన్నాయి మేళం వినపడేసరికి జనానికి ఒళ్ళు తెలియలేదు. మాస్కుల్లోంచే నవ్వుకున్నారు, మోచేతులతో పలకరించుకున్నారు. "బతికుండావా బావా!" "నువ్వుండావు గదా, నేను లేకపోతే ఎట్టా!" మొదటి బంతివాళ్ళు ముహూర్తానికి ముందే ఇస్తరాకుల కోసం చూస్తా ఉంటే, రెండో బంతి రోడ్డు మీద, మూడో బంతి రోడ్డు అవతల. పెంచలకృష్ణ బాసికం సర్దుకుంటా పీటల మీద కూర్చున్నాడు. రేవతి ఆ చీరే కట్టుకుని వచ్చింది. మడతలు పోలేదు, అయినా పిల్ల మొహం వెలిగిపోతా ఉంది.

అంతలో వంటల కాడ నుంచి వాసనొచ్చింది. పప్పుచారు అడుగంటింది.

అల్లూరులో ఏ పెళ్ళిలోనైనా హజరత్తయ్య మూత తీసి వాసన చూసి తల ఊపితేనే డేగిసా పొయ్యి దిగేది. ఉప్పు తగ్గినా ఇంగువ ఎక్కువైనా ఆయన ముక్కే చెప్పేస్తుంది. అట్టాంటి మనిషి సొంత ఇంట్లో పప్పుచారు మాడగొట్టుకున్నందుకు వంటమాస్టరు మాల్యాద్రికి ప్రాణం పోయినంత పనైంది. చీవాట్లకు సిద్ధపడి, తల వంచుకుని ఆయన్ని పిలిచినాడు. హజరత్తయ్య వచ్చినాడు, డేగిసా మీదికి వంగినాడు, మాస్కు దించి గట్టిగా పీల్చినాడు.

"ఆహా! ఘుమఘుమలాడతా ఉండాది మాల్యాద్రీ! దించెయ్!"

మాల్యాద్రి చేతిలో గరిట అట్టానే ఉండిపోయింది. రోడ్డు మీది రెండో బంతి కూడా మాడు వాసనకు మొహం చిట్లించుకుని ఉంది. పక్కనే కుర్చీలు సర్దుతున్న ముబీన్ చేతిలో కుర్చీ వదిలేసినాడు. జొరం మడిలో తడిస్తే వచ్చుండొచ్చు. హజరత్తయ్య ముక్కు పనిచెయ్యకపోవడమా! అది దేని గుర్తో అప్పటికి చిన్నపిల్లలకు కూడా తెలుసు.

హజరత్తయ్య మండపం వైపు నడుస్తా ఉన్నాడు. కన్యాదానానికి కూర్చోబోయే ముందు తల్లి కాళ్ళకు మొక్కాలి గదా. వెంకటశేషమ్మ కుర్చీలో కూర్చుని కొడుకు కోసం రెండు చేతులూ చాచి ఉంది.

ముబీన్ ఇంకేమీ ఆలోచించలేదు. మొదటి గుంజ కాడికి పరిగెత్తి తాడు ఊడదీసినాడు. రెండో తాడు, మూడో తాడు. నాలుగో ముడి రాకపోతే పళ్ళతో లాగినాడు. షామియానా ఒక్కసారి గుండెలనిండా గాలి పీల్చుకున్నట్టు పైకి పొంగి, హజరత్తయ్య మీది నుంచి సర్రున ముడుచుకుంది. ఆయన నెత్తిన ఎండ పడింది. ఆయన కుడికి జరిగితే నీడ ఎడమకు పోయింది. రెండడుగులు ముందుకేస్తే నీడ వెంకటశేషమ్మను కప్పుకుని రెండడుగులు వెనక్కి పోయింది. మేళం ఆగిపోయింది.

"అబ్బయ్యా, నీకు ఒంట్లో బాగాలేదా?" అనింది వెంకటశేషమ్మ. ఆమె చేతులు ఇంకా చాచే ఉన్నాయి.

హజరత్తయ్య అక్కడే చతికిలబడి బావురుమన్నాడు. "రెండుసార్లు ఆపినామమ్మా! మళ్ళీ ఎట్టా ఆపేది!"

"ఏందిరా ముబీనూ నువ్వు చేసిన పని!" అని మొదటి బంతి లేచింది. "ఇంకెన్నిసార్లు ఆపుతారంట? మనుషులు బతకొద్దా!" అని రెండో బంతి అరిచింది. ముబీన్ తాడు చేత్తో పట్టుకుని నేల చూపులు చూస్తా నిలబడినాడు.

"పెళ్ళి ఆపమని ఎవరన్నారు ఇప్పుడు?"

ఆ మాటన్నది రేవతి. పీటల మీద నుంచి లేవలేదు. "నాయనా, నువ్వు మడి కాడికి పోయి నిలబడు. ఇక్కడ నేను లేచేది లేదు."

"ధార పోయాల్సింది నేను గదా తల్లీ. నా చేత్తో పోయాలని ఎంత ఆశపడినా!"

రేవతి కళ్ళు పందిరి కింద తిరిగి తిరిగి, పచ్చపైపు మీద ఆగినాయి.

"మోటారు వెయ్యి నాయనా!"

అందరూ పంతులు వైపు చూసినారు. పంతులు ఒక్క క్షణం ఆలోచించి, "ధార తండ్రి చేతి మీదుగా రావాలి, మధ్యలో తెగకూడదు. పైపు ఎంత పొడుగుండాలో శాస్త్రంలో లేదు. వెయ్యమనండి!" అన్నాడు.

హజరత్తయ్య లేచినాడు. జొరం గిరం మరిచిపోయి రోడ్డు దాటి గట్టు మీద పరిగెత్తినాడు. అప్పుడే షామియానా నడిమి ఎర్రముక్క కుట్లు పటపటా విప్పుకుని, గుడ్డలోంచి విడివడి, ఆయన వెనకాలే ఎగురుకుంటా పోయి నెత్తి మీద నిలబడింది. పాపం, ఒంటరిగా ఎండలో ఎట్టా వదిలేస్తుంది?

స్విచ్ పడింది. మోటారు గుర్రుమంది. రేవతి తల్లి ఉషారాణి పైపు కొన పట్టుకుని నిలబడింది. పైపు ఖళ్ళు ఖళ్ళుమని రెండుసార్లు దగ్గింది. అందరూ ఒక్కడుగు వెనక్కేసినారు. తర్వాత వచ్చినాయి నీళ్ళు! రేవతి చేతుల మీద, పెంచలకృష్ణ చేతుల మీద, పంతులు గారి పంచె మీద, ఎక్కడ పడితే అక్కడ! పెళ్ళికొడుకు నిలువునా తడిసి నవ్వుతా ఉంటే, మంత్రం తడబడినా పంతులు ఆపలేదు, మేళం హోరెత్తిపోయింది. రోడ్డు మీద బంతులన్నీ చప్పట్లు కొట్టినాయి.

"పడుతుండాయా తల్లీ?" మడి గట్టు మీది నుంచి కేకేసినాడు హజరత్తయ్య.

"పడుతుండాయి నాయనా!" అని రేవతి అరిచింది. అప్పుడు ఏడ్చింది ఆ పిల్ల, ఇన్నాళ్ళ ఏడుపు ఒక్కసారిగా.

బంతులు కూర్చోలేదు. అన్నమంతా పొట్లాలు కట్టి ట్రాక్టరు మీద ఇంటింటికీ పంపించినారు. మాడిన పప్పుచారును అల్లూరు అల్లూరంతా తిని, మాల్యాద్రిని ఒక్క మాట అనలేదు. అంబులెన్సు వచ్చి హజరత్తయ్యను నెల్లూరు తీసుకుపోయింది. ఎర్రముక్క దారి పొడుగునా దాని కప్పు మీదే పోయింది. ఇంకొక్క పూట ఆగి ఉంటే మాట వేరుగా ఉండేదని ఆస్పత్రిలో డాక్టరమ్మ చెప్పింది. వెంకటశేషమ్మకు తుమ్ము కూడా రాలేదు.

ముబీన్‌ను తిట్టినవాళ్ళే తర్వాత షామియానా కోసం వరస కట్టినారు. నడుమ చిల్లు మాత్రం అట్టానే ఉండిపోయింది. "దాని ముక్క దానికి వస్తుంది," అని జాన్‌బీ వేరే గుడ్డ వెయ్యనియ్యలేదు.

కార్తీకంలో ఒక పెళ్ళి. సగం మనిషై, చంకలో ఎర్రగుడ్డ మడత పెట్టుకుని హజరత్తయ్య వచ్చినాడు. పందిరి బయట ఎండలోనే ఆగిపోయినాడు. నీడ మళ్ళీ పారిపోతుందేమోనని ఆయన భయం. "రా మామా," అని ముబీన్ పిలిచినా కదల్లేదు.

షామియానా అంచు మెల్లిగా సాగింది. నీడ ఆయన పాదాల మీదికొచ్చింది, మోకాళ్ళ మీదికొచ్చింది, నెత్తి దాకా కప్పింది. హజరత్తయ్య కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి పీల్చుకున్నాడు. పీల్చుకుని, ఉలిక్కిపడి కళ్ళు తెరిచి, పందిరి అదిరిపోయేట్టు కేకేసినాడు.

"ఒరే మాల్యాద్రీ! పప్పుచారు అడుగంటుతా ఉండాది, చూసుకోరా!"