మూడు పూటల రంగు

రంగుల మేస్త్రి సగం ఇటుక మీద చెంబెడు నీళ్ళు పోసి, అది పీల్చుకునేదాకా చూస్తూ కూర్చున్నాడు. ఇంటి వెనక మూల నుంచి ఊడిపడిన ముక్క అది. విరిగిన పక్క లోపలి ఎరుపు కనబడుతోంది. అందులో అక్కడక్కడ బొగ్గు చుక్కలు, ఒకచోట ఇసుక రంగు చార. నీళ్ళు ఇంకాక దాన్ని ఎత్తి గోడకు ఆనించి పట్టుకున్నాడు. ఇటుక తడిస్తే ఒక రంగు, ఆరితే ఇంకో రంగు. ఇటుక ఇంటికి ఏ రంగు ఎంచినా ఆ రెంటినీ అడిగి ఎంచాలన్నది ఆయన పద్ధతి. ఎంచిన రంగును పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పొద్దువాలేటప్పుడు ఒకసారి చూడనిదే డబ్బా మూత తీయకూడదన్నది ఇంకో పద్ధతి. ఈ చాదస్తం భరించలేక చేజారిపోయిన ఇళ్ళు చాలానే ఉన్నాయి.

ఆయనకు అరవై రెండేళ్ళు. బక్కపలచని మనిషి. నలభై ఏళ్ళుగా పైకప్పుల కేసి చూసి చూసి మెడ కాస్త వెనక్కి వాలి అలాగే నిలిచిపోయింది. రంగు అంటినా సులువుగా వదులుతుందని తలకూ చేతులకూ నూనె దట్టంగా పట్టిస్తాడు. పాత రంగులు గీకిన దుమ్మంతా ఊపిరితిత్తుల్లో పేరుకుని, నిచ్చెన నాలుగు మెట్లెక్కితే చాలు, లోపల ఈల వేసినట్టు చప్పుడవుతుంది. ఈ వారమంతా ఎడమ భుజం కూడా పీకుతోంది. నిచ్చెన మోసిన నొప్పిలే అనుకుని దాన్ని ఖాతరు చేయలేదు.

ఇల్లు కూడా దాదాపు ఆయన వయసుదే. పూతలేని ఎర్ర ఇటుక, ముందు చిన్న వరండా, తుప్పుపట్టిన కమ్ములు, గోధుమరంగు పెచ్చులూడుతున్న వీధి తలుపు. కొనుక్కున్న దంపతులు దిగి నాలుగు నెలలైంది. ఇంటాయనకు ఇల్లంతా తెలుపు కావాలి. ఇంటావిడకు తెలుపు తప్ప ఏదైనా ఫరవాలేదు. ముప్పై ఏళ్ళ కాపురంలో ఇద్దరూ ఒక మాట మీదికి వచ్చింది ఈ ఇల్లు పాతబడిపోయిందన్న సంగతి దగ్గర ఒక్కచోటేనేమో.

మొదటి రోజే మేస్త్రి ఉన్నమాట చెప్పేశాడు.

"ఇటుకకి రంగు వద్దండి. అది నీళ్ళు తాగుతుంది, మళ్ళీ వదిలేస్తుంది. పైన రంగు కొట్టారంటే తాగిందంతా లోపలే ఉండిపోతుంది. పదేళ్ళు తిరక్కుండా పిండైపోతుంది. గోడలు కడిగిద్దాం. ఇటుకల మధ్య రాలిపోయిన సున్నం మళ్ళీ నింపిద్దాం. కిటికీలకి మీగడ రంగు, కమ్ములకి నలుపు. ఆ ట్యూబులైటు తీసేసి మంచి దీపం ఒకటి. వీధి తలుపుకి మాత్రం ముదురాకుపచ్చ. అంతే, ఇల్లు లేచి కూచుంటుంది."

"రంగులేసేవాడివి రంగొద్దంటావేంటయ్యా!" అని నవ్వాడు ఇంటాయన. నవ్వి ఊరుకోలేదు, గడువు కూడా పెట్టాడు. "సరే, శనివారం తలుపు మీద ఆ ఆకుపచ్చేదో వేసి చూపించు. సాయంత్రానికి మా ఇద్దరికీ నచ్చిందా, నీ మాటే. లేదా, సోమవారం స్ప్రే మిషన్ వాళ్ళొచ్చి రెండు రోజుల్లో మొత్తం తెల్లగా కొట్టేసి పోతారు."

ఈరోజే ఆ శనివారం.

ఈ వ్యవహారంలో మేస్త్రి ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. ఆయనకు రంగులు సరిగా కనబడవు. రెండేళ్ళ నుంచి లోకమంతా టీ నీళ్ళలోంచి చూస్తున్నట్టుంది. తెలుపు పాతకాగితంలా ఉంటుంది. నీలానికీ ఆకుపచ్చకూ తేడా ఎప్పుడో పోయింది. అయినా పని ఆగలేదంటే కారణం ఆయన భార్య. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆమె ఆయన వెంటే పనికి వచ్చేది. గోడలు గీకేది, డబ్బాలు అందించేది. ఆయన చూపు మందగించిందని ఆయనకంటే ముందు ఆమెకే తెలిసింది. తెలిసినా ఒక్క మాట అనలేదు. ఆయన కలుపుతుంటే పక్కన కూర్చుని తనలో తాను అనుకుంటున్నట్టు, "ఇప్పుడు నాచులా ఉంది... ఇప్పుడు మూడోనాటి దెబ్బలా కమిలింది... ఆఁ, ముదురాకులోకొచ్చింది, ఇక చాలు" అనేది. కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్దామని ఎన్నిసార్లు పోరినా ఆయన వినలేదు. రంగుల మేస్త్రికి చూపు పోయిందట అని పదిమందీ అనుకుంటే ఇక ముఖం చెల్లుతుందా? ఎనిమిది నెలల కింద జ్వరమని పడుకున్న ఆ మనిషి మళ్ళీ లేవలేదు. అప్పట్నుంచి డబ్బాల మీది అంకెలు చదువుకుంటూ నెట్టుకొస్తున్నాడు. ఈ తలుపుకు కావలసిన ఆకుపచ్చ మాత్రం ఏ డబ్బాలోనూ రాదు. కలపాల్సిందే.

అరుగు మీద కాగితాలు పరిచి కలపడం మొదలుపెట్టాడు. ఆకుపచ్చలో నలుపు చుక్క వేశాడు. పుల్లతో తిప్పాడు. పసుపు కొట్టొచ్చినట్టు కనబడింది. కాస్త నీలం పోశాడు. మళ్ళీ చూశాడు. ఇంకా పసుపే. ఇంకాస్త పోశాడు. పక్కన ఎవరూ ఏమీ అనలేదు. డబ్బాలో పుల్ల తిరుగుతున్న చప్పుడు ఒక్కటే వినబడుతోంది.

చెయ్యి ఆగిపోయింది. ఫోన్ తీసి బావమరిదికి చేశాడు. భార్య తమ్ముడతను. పదిహేనేళ్ళు బావ దగ్గరే పని చేసి, అక్క పోయాక మిషన్ వాళ్ళలో చేరిపోయాడు.

"ఏం బావా, ఇటుకలకి స్నానాలు చేయిస్తున్నావా?" అని మొదలుపెట్టాడు అతను.

"నీ వెటకారం తర్వాతగానీ, తలుపుల ఆకుపచ్చలోకి మీ అక్క నీలం ఎంత పోయించేదిరా?"

"అక్క పోయించడమేంటి? కలిపేది నువ్వేగా. అక్క ఊరికే చూసి..." అతను ఆగిపోయాడు. "బావా, నీకు..." అని, అడగబోయింది మింగేసి, "ఆ ఇల్లు మాకే వస్తుందంటున్నారు. నువ్వూ వచ్చెయ్యి. నిచ్చెనెక్కే పని లేకుండా, కింద నేలమీద రంగు పడకుండా పట్టాలు పరిచే పని ఇప్పిస్తా. నేను చెప్తాగా మావాళ్ళకి" అన్నాడు.

"పట్టాలు మీరే పరుచుకోండి" అని మేస్త్రి ఫోన్ పెట్టేశాడు. కోపం రాలేదు. ఒళ్ళంతా నిస్సత్తువ వచ్చింది.

తలుపు మీద అరచేతి వెడల్పున ఒక పట్టీ వేశాడు. అదే రంగు సగం ఇటుక పైముఖం మీద కూడా వేశాడు. మీగడ రంగూ నలుపూ దాని పక్కముఖాల మీద నిన్ననే వేసి ఉంచాడు. గోడ మీద మాత్రం ఒక్క చుక్క కూడా పడనివ్వలేదు.

మధ్యాహ్నం ఇంటాయన బయటికొచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"ఇదేం ఆకుపచ్చయ్యా? నీలంలా ఉందే!"

మేస్త్రి బ్రష్‌ను గుడ్డకు తుడిచాడు. "పచ్చిమీద అలాగే ఉంటుందండి. ఎండితే మారుతుంది" అన్నాడు.

నలభై ఏళ్ళలో రంగు గురించి ఆయన ఆడిన మొదటి అబద్ధం అది. చెప్పినంతసేపూ కళ్ళు నేలకే ఉన్నాయి. ఇంటాయన వాచీ చూసుకుని, "సాయంత్రం చూద్దాం" అంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

మళ్ళీ కలపవచ్చు. కలిపితే మాత్రం చూసి చెప్పేదెవరు? వరండా మెట్టు మీద కూర్చుని గోడకు వీపూ తలా ఆనించాడు. కట్టుకొచ్చిన అన్నం మూట విప్పబుద్ధి కాలేదు. భుజం నొప్పి మోచేతిదాకా దిగింది. ఎండ మెల్లగా పడమటికి తిరిగి తలుపు మీదికి రావడం మాత్రం తెలుస్తోంది. వెలుతురును పోల్చుకోవడానికి ఆ కళ్ళు ఇంకా చాలుతున్నాయి.

పొద్దువాలాక ఇంటావిడ గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. "మేస్త్రి గారూ, పొద్దుట్నుంచీ ఏమీ తిన్నట్టు లేరు?"

ఆయన సగం నీళ్ళు తాగి, మిగతా సగం ఆ ఇటుక ముక్క మీద పోశాడు. "తడిమీద కూడా ఒకసారి చూడండమ్మా" అన్నాడు. గ్లాసు తిరిగిచ్చి, "ఒక మాట చెప్తానమ్మా, తప్పుగా అనుకోకండి. అది నీలమో ఆకుపచ్చో నాకు తెలియట్లేదు. మా ఆవిడ చూసి చెప్పేది. మధ్యాహ్నం సార్‌తో అబద్ధమాడాను. ఎండినా అది మారదు" అన్నాడు.

ఆవిడ ఇటుకను చేతిలోకి తీసుకుంది. తడిసి నల్లబడిన ఎరుపు పక్కన ఆ రంగు చూసింది. తలెత్తి తలుపు కేసి చూసింది. అది నీలమే. వాలుపొద్దులో ఎర్రగోడ మధ్య ఆ నీలం పట్టీ ఎంత నిండుగా ఉందంటే, ఇల్లంతా దాని కోసమే ఇన్నేళ్ళు కాచుకున్నట్టు అనిపించింది ఆవిడకు. ఇక గోడకు రంగు అన్న మాటే ఎత్తనివ్వకూడదు అనుకుంది. కానీ ఏ సంగతైనా భర్త చూసి ఒక మాట అనకముందు తన మాట పైకి అనే అలవాటు ఆవిడకు లేదు.

"నీలమే" అని మాత్రం అంది. "ఉండండి, ఆయన్ని పిలుస్తాను."

ఇటుకను కిటికీ గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళింది. ఇంటాయన చెప్పులు వెతుక్కుని వచ్చేసరికి మేస్త్రి అలాగే గోడకు తల ఆనించి తలుపు వైపే చూస్తున్నాడు. "ఏమయ్యా, మారిందా రంగు?" అని ఇంటాయన రెండుసార్లు అడిగాడు. మూడోసారి అడగలేదు.

ఆదివారం పొద్దున ఇంటావిడ తలుపు తీస్తే గోడ మీద మరక కనబడింది. మేస్త్రి తల ఆనిన చోట, నూనె మరక, గుండ్రంగా. సబ్బుతో రుద్దింది. వేడినీళ్ళు పోసి రుద్దింది. ఇటుక ఆ నూనెను తాగేసింది, వదల్లేదు. నచ్చిందన్న ఒక్క మాట అప్పుడే అనేసి ఉంటే, అది విని పోయేవాడు కదా అన్న ఆలోచన పట్టుకుంది ఆవిడను. మధ్యాహ్నానికి ఆ గుమ్మంలోంచి రావడం మానేసి పెరటి దారిన తిరగసాగింది. రాత్రి అన్నం దగ్గర తలెత్తకుండానే, "మీరన్నట్టే తెలుపు కొట్టించేయండి. ఆ గోడ నేను చూడలేను" అంది.

సోమవారం మిషన్ వాళ్ళు రాలేదు. మేస్త్రికి తలకొరివి పెట్టిన బావమరిదికి మైల ఉందని, అది తీరాక పన్నెండు రోజులకు వచ్చారు. గుండు చేయించుకున్న తలకు గుడ్డ కట్టుకుని, గొట్టం అతనే పట్టుకున్నాడు. వరండా గోడ దగ్గరికి వచ్చేసరికి మరక చూసి ఆగాడు. ఎవరూ ఏమీ చెప్పలేదు. అక్క కాపురం చేసిన ఇంట్లో, మంచం తలాపున గోడకు ఉన్న మరక కూడా అచ్చం ఇలాంటిదే. గొట్టం కింద పెట్టి, చిన్న బ్రష్ తీసుకుని, ఆ చోటు వరకు చేత్తోనే పూశాడు. తలుపు మీది పట్టీ తెలుపు కిందికి పోయింది. కిటికీ గట్టు మీది ముక్కను తీసి పడేయబోయి, మళ్ళీ అక్కడే పెట్టాడు.

ఇప్పుడా ఇల్లు వీధిలోని మిగతా ఇళ్ళలాగే తెల్లగా ఉంది. గట్టు మీద సగం ఇటుక ఒకటుంటుంది, వాన పడ్డప్పుడు దాని విరిగిన పక్క ముదురెరుపుకు తిరుగుతుంది, పైన అరచేతి వెడల్పున నీలం.